నాకేం ఇష్టమో నాకే తెల్వది సార్: మన పనిని వెతుక్కోవడంలో అపోహలు, వాస్తవాలు

నల్లగొండలో కెరీర్ కౌన్సెలింగ్ అని బోర్డు పెట్టుకుని పదమూడేళ్లయింది. అంతకుముందు ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ని. నా దగ్గరికి ఇంటర్ పిల్లలు వస్తారు, బీటెక్ అయిపోయి రెండేళ్లుగా ఖాళీగా ఉన్నవాళ్లు వస్తారు, గ్రూప్స్‌కు చదివి చదివి అలసిపోయినవాళ్లు వస్తారు. ఈమధ్య నలభై దాటినవాళ్లు కూడా వస్తున్నారు, చీకటి పడ్డాక, తెలిసినవాళ్ల కంట పడకుండా. ఎవరొచ్చినా మొదటి పది నిమిషాల్లో ఒకటే మాట: "నాకేం ఇష్టమో నాకే తెల్వది సార్."

మనసు పట్టి, ఇదే నా పని అనిపించేదాన్ని ఇంగ్లీషులో కాలింగ్ అంటారు. తెలుగులో ఏమనాలో నాకు చాలాకాలం తెలియలేదు. పోచంపల్లి వైపు నుంచి కొడుకును వెంటబెట్టుకొచ్చిన ఒక నేత కార్మికుడికి వివరించలేక తంటాలు పడుతుంటే ఆయనే మాట అందించాడు. "అంటే రంది అన్నట్టు. వీనికి దేని రందీ లేదు సార్, గదే నా రంది." రంది అంటే మనసును వదలకుండా పట్టుకునే తపన, బెంగ. అప్పటినుంచి నేనూ అదే మాట వాడుతున్నాను. రోజూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మన పని మనలోనే ఎక్కడో దాగి ఉంటుంది. ప్రశాంతంగా కూర్చుని ఆలోచిస్తే ఒకరోజు తెలిసిపోతుంది.

వాస్తవం: నేను చూసినంతలో అలా తెలిసినవాళ్లు చాలా తక్కువ. ఆలేరు దగ్గరి శారాజిపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతే చూడండి. ఆరో తరగతితో చదువు ఆగిపోయింది. ఇంట్లో అమ్మ లక్ష్మి రోజూ ఆసు పోసేది, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పేది. ఒక్క చీరకు సుమారు తొమ్మిది వేల సార్లు చెయ్యి ఇటూ అటూ ఆడించాలి. రాత్రయితే భుజం నొప్పి. ఇక నావల్ల కాదు అని ఆమె అంటుంటే ఆ కొడుకు విన్నాడు. 1992లో మొదలుపెడితే ఆసు యంత్రం పూర్తయ్యేసరికి 1999 వచ్చింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు. 'నా ప్యాషన్ మెకానికల్ ఇంజినీరింగ్' అని ఆయన ఏ కాగితం మీదా రాసుకోలేదు. చూసింది అమ్మ భుజాన్ని. ఇష్టం, నైపుణ్యం, పట్టుదల ఆ ఏడేళ్లలో, పని చేస్తూ చేస్తూ ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

దీనిమీద పరిశోధన కూడా ఉంది. 2018లో ఓకీఫ్, డ్వెక్, వాల్టన్ అనే ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు కాలేజీ విద్యార్థులను పరిశీలించారు. ఇష్టమనేది పుట్టుకతోనే ఉంటుందని నమ్మేవాళ్లు కొందరు, పెంచుకుంటే పెరుగుతుందని నమ్మేవాళ్లు కొందరు. ఒక ప్రయోగంలో బ్లాక్ హోల్స్ మీద మంచి వీడియో చూపించారు. అందరికీ ఆసక్తి పుట్టింది. తర్వాత అదే విషయం మీద కొరుకుడుపడని వ్యాసం చదవమన్నారు. మొదటి రకంవాళ్ల ఆసక్తి రెండోవాళ్లకంటే ఎక్కువగా పడిపోయింది. కష్టం ఎదురవగానే 'అయితే ఇది నా పని కాదేమో' అనుకుంటారన్నమాట. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో యానిమేషన్‌లో మూడు నెలలు, ఫొటోగ్రఫీలో మూడు నెలలు, స్టాక్ మార్కెట్‌లో మూడు నెలలు ఉండి వచ్చినవాళ్లు ఎందరో. మూడో నెల అందరికీ కష్టంగానే ఉంటుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అపోహ: మనల్ని మనం 'ఎందుకు, ఎందుకు' అని లోతుగా ప్రశ్నించుకుంటే అసలు జవాబు బయటికొస్తుంది.

వాస్తవం: ఇది నేనూ నమ్మేవాణ్ని. మొదటి నాలుగేళ్లు 'నీకు ఇది ఎందుకు ఇష్టం?' అనే అడిగాను. అందరూ చక్కటి జవాబులు చెప్పేవాళ్లు. ఆ జవాబులకూ వాళ్ల బతుకుకూ సంబంధమే ఉండేది కాదు.

1977లో నిస్బెట్, విల్సన్ అనే అమెరికన్ పరిశోధకులు ఒక దుకాణంలో నాలుగు జతల మేజోళ్లు వరసగా పెట్టి, ఏది నాణ్యమైందో చెప్పమన్నారు. మిగతావాటికంటే ఎక్కువమంది కుడి చివర ఉన్నదాన్నే ఎంచుకున్నారు. కారణం అడిగితే అల్లిక బాగుందని, మెత్తగా ఉందని చెప్పారు. నిజానికి నాలుగూ ఒకటే సరుకు. చివర ఉన్నందుకే ఎంచుకున్నానని ఒక్కరూ అనలేదు. వాళ్లు అబద్ధం చెప్పలేదు, కారణం వాళ్లకే తెలియదు. బట్టల కొట్లో ముప్పై చీరలు తీయించి చివరికి ఒకటి పట్టుకున్నవాళ్లను 'ఇదే ఎందుకు?' అని అడిగి చూడండి.

అందుకే ఇప్పుడు 'ఎందుకు' అడగను. జరిగినదాన్ని అడుగుతాను. పోయిన నెలలో నిన్ను వెతుక్కుంటూ వచ్చి సాయం అడిగింది ఎవరు, ఏ పనికి? ఎవరూ చెప్పకుండానే నువ్వు సరిచేసింది ఏమిటి? ఏ పనిలో విసుగును ఓర్చుకోగలవు? (విసుగు లేని పని ఉందని చెప్పేవాళ్లను నమ్మకండి.) వీటన్నిటికంటే బాగా పనిచేసేది ఒక మామూలు ప్రశ్న: పెళ్లింటికి పోతే నీ చెయ్యి దేనిమీద పడుతుంది?

నవ్వకండి. వడ్డనలో దిగేవాళ్లు కొందరు. కట్నాలు రాసే దగ్గర కూర్చునేవాళ్లు కొందరు. అలిగిన మేనమామను బతిమాలి తెచ్చేవాళ్లు, మైకు, జనరేటరు దగ్గర తిరిగేవాళ్లు, పిల్లలందరినీ ఒకచోట చేర్చి ఆడించేవాళ్లు, ఇట్లా ఎవరి తీరు వారిది. అక్కడ ఎవరూ మార్కులు వెయ్యరు కాబట్టి ఎవరూ నటించరు. దేవరకొండ దగ్గరి తండా నుంచి వచ్చిన ఒక డిగ్రీ అమ్మాయి 'గ్రూప్-1 తప్ప ఏదీ వద్దు' అంటూ కూర్చుంది. పెళ్లి ప్రశ్న అడిగితే, కట్నాల పుస్తకం తన దగ్గరే ఉంటుందంది. ఇంకా అడిగితే, వాళ్లమ్మ పొదుపు సంఘం లెక్కలు ఎనిమిదో తరగతి నుంచి తనే రాస్తోందట. పది రూపాయలు తేడా వస్తే దొరికేదాకా నిద్రపోదట. 'అది పనేంది సార్, ఇంట్ల చేసేదే కదా' అంది. రెండు వారాలు ఒక ఆడిటర్ ఆఫీసులో కూర్చోబెట్టాను. ఇప్పుడు ఆ పని చేస్తూనే గ్రూప్స్‌కూ చదువుతోంది. ఏది మిగులుతుందో ఆమె చూసుకుంటుంది.

ఇంకో ప్రశ్న ఉంది: ఏ మాట వింటే నువ్వు ఊరుకోలేవు? తెలంగాణలో తెలుగు కవులు లేరని ఒకాయన రాస్తే పాలమూరు బిడ్డ సురవరం ప్రతాపరెడ్డి గారు ఊరుకోలేకపోయారు. చదివింది వకీలు చదువు. చేసిన పని ఊరూరి నుంచీ కవిత్వం తెప్పించడం. 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక వేశారు. కోపం కూడా ఒక ఆధారమే. కాకపోతే ఆ కోపం ఫోన్‌లో కామెంటు పెట్టి ఆగిపోయిందా, పనికి పురమాయించిందా అన్నది చూడాలి.

అపోహ: వేలిముద్రల పరీక్ష చేయిస్తే పిల్లల పుట్టు తెలివి ఏమిటో తెలిసిపోతుంది.

వాస్తవం: ఇందులో నేనే మోసపోయాను, దాచుకోవడం ఎందుకు. ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో ఒక బడిలో స్టాల్ పెడితే ఐదు వేలు కట్టి మావాడి పది వేళ్లూ స్కాన్ చేయించాను. రంగురంగుల రిపోర్టు ఇచ్చారు. సంగీతంలో అపార ప్రతిభ ఉందన్నారు. మావాడు ఇప్పటికీ జనగణమన శ్రుతిలో పాడలేడు. వేలిముద్రల గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, అంతవరకు నిజం. వాటిని బట్టి తెలివిని కొలవొచ్చనడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2019లో ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే ప్రకటన ఇచ్చింది. జాన్ హాలండ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల చివర్లో ప్రతిపాదించిన ఆరు రకాల ఆసక్తుల పద్ధతి మీద ఆధారపడిన ప్రశ్నావళులు నేను వాడతాను. అవి మాట్లాడుకోవడానికి ఒక మొదలు దొరికిస్తాయి. జిల్లా ఏదో చెబుతాయి కానీ ఇంటి నంబరు చెప్పవు.

అపోహ: డబ్బు ఆలోచన వచ్చిందంటే అది మనసు కోరిన పని కాదు.

వాస్తవం: ఈ మాట చెప్పేవాళ్లకు సాధారణంగా వెనక ఆస్తి ఉంటుంది. పాలమూరు కూలీలంటే దేశమంతా తెలుసు. గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు తీసుకుని తాతలు డ్యాముల కట్టల మీద పనికి పోయిన ఇళ్ల నుంచి పిల్లలు వస్తారు నా దగ్గరికి. "ఫస్టు జీతం రావాలె సార్, అమ్మ బొంబాయి పోవుడు బంద్ కావాలె" అన్న పిల్లవాడి ముందు నేను ఇకిగై బొమ్మ గీసి చూపించాలా? అతని రంది అతనికి స్పష్టంగానే ఉంది. దానికి నా దీవెన అక్కర్లేదు.

ఆ బొమ్మ సంగతీ చెప్పాలి. నచ్చేది, చేతనయ్యేది, లోకానికి కావాల్సింది, డబ్బు తెచ్చేది అని నాలుగు వృత్తాలు, మధ్యలో ఇకిగై, జపాన్ వాళ్ల ప్రాచీన రహస్యం అంటూ వాట్సాప్‌లో తిరుగుతుంది. ఆ వృత్తాలు స్పెయిన్‌కు చెందిన ఆండ్రెస్ సుసునాగా గీసినవి. 2014లో మార్క్ విన్ అనే ఆయన మధ్యలోని మాట తీసేసి ఇకిగై అని పెట్టాడు. జపాన్‌లో ఆ మాటకు అర్థం పొద్దున లేవాలనిపించే చిన్న కారణం. మనవరాలు కావచ్చు, పెరటి మొక్క కావచ్చు. దానికి జీతం రానక్కర్లేదు.

మనసు పట్టిన పని కడుపు నింపుతుందన్న భరోసా కూడా లేదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగులయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనిలో కనిపించిన ఫొటో పత్రికల్లో చూశాం. ఆయన కళ తక్కువదా? పనీ బత్తెమూ ఒకే గిన్నెలోంచి రావాలని పట్టుబట్టకండి. కొందరికి వస్తాయి. ఎక్కువమందికి రెండు గిన్నెలు కావాలి.

అపోహ: ఉన్న ఉద్యోగం వదిలేస్తేనే అసలు పని దొరుకుతుంది.

వాస్తవం: తొందరపడకండి. 1997లో ఏమీ రెజ్నెస్కీ, ఆమె సహచరులు చేసిన అధ్యయనంలో ఒకే రకం ఆఫీసు సహాయకులు 24 మంది ఉన్నారు. వాళ్లలో దాదాపు మూడో వంతు దాన్ని జీతం కోసం చేసే పని అన్నారు, మూడో వంతు పైకెక్కే మెట్టు అన్నారు, మిగతావాళ్లు ఇదే నా పని అన్నారు. కుర్చీ అదే, ఫైళ్లవే. వదలాలనుకునేవాళ్లకు నేను ముందు ఆరు ఆదివారాలు అడుగుతాను. ఆ కొత్త పనిని ఆరు ఆదివారాలు చేసి రండి అంటే సగంమంది మూడో ఆదివారానికే మానేస్తారు. రాజీనామా ఖర్చు మిగిలిందనుకోవాలి.

అపోహ: వయసైపోయింది.

వాస్తవం: 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చేనాటికి ఆయనకు యాభై ఐదేళ్లు. భూమి అడగాలని రాలేదు. దళితవాడలో మీకేం కావాలని అడిగితే ఎనభై ఎకరాలు కావాలన్నారు. ఆయన అదే మాట సభలో అందరి ముందూ పెడితే వెదిరె రామచంద్రారెడ్డి గారు లేచి నూరెకరాలిస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. ఆయన తన మనసును కాదు, ఎదుటివాళ్లను అడిగారు. నేను ఇది చెబితే నలభై ఆరేళ్ల టీచరమ్మ ఒకామె, "ఆయనకు పొద్దున టిఫిన్ బాక్సులు కట్టేది లేదు కద సార్" అంది. ఆమె అన్నదీ నిజమే. ఆమెకు ఆదివారాలు ఆరు కాదు, పన్నెండు ఇచ్చాను.

రంది అనే మాట ఇచ్చిన పెద్దాయన కొడుకు సంగతి అడిగేవాళ్లుంటారు. పెళ్లి ప్రశ్నకు వాడు చెప్పిన జవాబు జనరేటరు. చౌటుప్పల్‌లో మోటార్లు రివైండింగ్ చేసే షాపులో రెండు నెలలు ఉండి చూడమన్నాను. ఐదో నెల నడుస్తోంది. పోయిన వారం పెద్దాయన ఫోన్ చేశాడు. కాలిపోయిన మోటారొకటి ఇంటికి తెచ్చుకున్నాడట, ఎందుకు కాలిందో అంతు చిక్కడం లేదట.

"పిలిస్తే అన్నానికి సుత వస్తలేడు సార్" అన్నాడు.