కుళాయి నీళ్లలో నైట్రైట్: అపోహలు - వాస్తవాలు

నీటి పరీక్షల ల్యాబుకు వచ్చేవారిలో ఎక్కువమంది అడిగేది టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) ఎంత అనే. నీటిలో కరిగి ఉండే నైట్రైట్ అనే నత్రజని లవణం సంగతి ఎత్తేవారు తక్కువ. ఎత్తినవారు కూడా ఇవే మాటలు చెబుతుంటారు.

అపోహ: కాచి తాగితే పోతుంది.
వాస్తవం: పోదు. కాచితే చచ్చేది క్రిములే. నీరు ఆవిరైనకొద్దీ మిగిలిన నీళ్లలో నైట్రైట్ గాఢత పెరుగుతుంది. క్యాండిల్ ఫిల్టరు కూడా దీన్ని ఆపలేదు. సరిగా పనిచేసే ఆర్వో చాలావరకు తగ్గిస్తుంది.

అపోహ: మున్సిపాలిటీ క్లోరిన్ కలుపుతోంది కదా, ఇంకా నైట్రైట్ ఎక్కడిది?
వాస్తవం: క్లోరిన్ నైట్రైట్‌ను నైట్రేట్ అనే మరో నత్రజని లవణంగా మార్చేమాట నిజమే. కాని ఒక మిల్లీగ్రాము నైట్రైట్‌కు దాదాపు ఒకటిన్నర మిల్లీగ్రాముల క్లోరిన్ ఖర్చవుతుంది. మన ప్రమాణాల ప్రకారం కుళాయి దగ్గర మిగలాల్సింది లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు. ఆ కాస్త క్లోరిన్ ఏ మూలకు? రోజు విడిచి రోజు నీళ్లొచ్చే ఊళ్లలో, సరఫరా ఆగగానే పైపులో ఒత్తిడి పడిపోతుంది. పగులు ఉంటే పక్కనున్న మురుగు లోపలికి చేరుతుంది. ముందుగా అందులోని అమ్మోనియా క్లోరిన్‌ను వాడేసుకుంటుంది. క్లోరిన్ అడుగంటాక, నిలవ నీటిలో నైట్రోసోమోనాస్ వంటి బ్యాక్టీరియా మిగిలిన అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తాయి. వెచ్చని నీళ్లంటే వాటికి మరీ ఇష్టం, మన ఎండలు తెలిసినవే. అందుకే రిపోర్టులో నైట్రైట్ కనిపిస్తే వెంటనే నా చూపు క్లోరిన్ అంకె మీదికి పోతుంది. అక్కడ సున్నా ఉంటే, నీళ్లలో మలం కలిసిందని పట్టిచ్చే ఈ-కోలై బ్యాక్టీరియా పరీక్ష కూడా చేయించాల్సిందే.

అపోహ: నైట్రైట్‌కు అమెరికా పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము, ప్రపంచ ఆరోగ్య సంస్థది 3. అంటే అమెరికాదే కఠినం.
వాస్తవం: రెండూ దాదాపు ఒకటే. అమెరికా నైట్రైట్‌లోని నత్రజనిని మాత్రమే తూస్తుంది, ఆరోగ్య సంస్థ మొత్తం నైట్రైట్‌ను తూస్తుంది. వాట్సాప్‌లో వాదులాడేముందు రిపోర్టులో ఏ లెక్క వేశారో చూడండి.

అపోహ: ఇంటిల్లిపాదికీ ఒకే ముప్పు.
వాస్తవం: అసలు ముప్పు ఆరు నెలల్లోపు పోతపాలు తాగే పసిబిడ్డలకు. నైట్రైట్ వల్ల హిమోగ్లోబిన్ మారిపోయి ఆక్సిజన్‌ను మోయలేదు, ఒళ్లు నీలంగా మారుతుంది. అమెరికాలోని అయోవాలో బావినీటితో పాలు కలిపిన శిశువుల్లో దీన్ని 1945లోనే హంటర్ కామ్లీ అనే వైద్యుడు రాసిపెట్టారు. అక్కడ బావుల్లో ఉన్నది నైట్రేట్. అది కడుపులోకి వెళ్లాక నైట్రైట్ అయింది. కాబట్టి పాలపొడి కలిపే నీళ్లకు రెండు పరీక్షలూ చేయించండి.

చివరగా ఒక మాట. నమూనాను శుభ్రమైన సీసాలో పట్టి, చల్లగా ఉంచి, అదే రోజు తెచ్చివ్వండి. బండి డిక్కీలో రెండు రోజులు ఎండకు ఉడికిన సీసాలో బ్యాక్టీరియా తన పని తాను చేసుకుపోతుంది. అప్పుడు వచ్చే అంకె మీ కుళాయిది కాదు.