తోడుకున్న జ్ఞాపకాలు

"ముగ్గురు సాక్షులు ఒకే మాట చెబుతుంటే ఇంకా అనుమానం ఎందుకండీ?" అని ఒక పాఠకుడు అడిగారు. ఆ ముగ్గురూ ముందు తమలో తాము మాట్లాడుకున్నారా అన్నది నా ఎదురు ప్రశ్న. మాట్లాడుకుని ఉంటే ముగ్గురినీ కలిపి ఒక్క సాక్షిగా లెక్కేయాల్సి రావచ్చు.

2003 సెప్టెంబర్ 10న స్వీడన్ విదేశాంగ మంత్రి అన్నా లిండ్‌ను స్టాక్‌హోమ్‌లోని ఒక పెద్ద షాపులో ఒకడు కత్తితో పొడిచాడు. మర్నాడు ఆమె చనిపోయారు. చూసినవాళ్ళు వెళ్ళిపోకుండా పోలీసులు అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టారు. కూర్చున్నవాళ్ళు ఊరుకుంటారా? వాడు మిలటరీవాళ్ళ మచ్చల జాకెట్ వేసుకున్నాడని ఒకావిడ అంది. ఆ తర్వాత మరికొందరి వాంగ్మూలాల్లోకీ అదే జాకెట్ వచ్చి చేరింది. పోలీసులు ఆ జాకెట్‌వాడి కోసం గాలించారు. తీరా సీసీ కెమెరాలో చూస్తే అతని ఒంటిమీద ఉన్నది బూడిద రంగు హుడీ. వీళ్ళెవరూ కావాలని అబద్ధం చెప్పినవాళ్ళు కాదు.

మొహమాటానికి 'నలుగురితో నారాయణా' అనడం వేరు, నిజంగానే అలా గుర్తుండటం వేరు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వీటిని విడదీసి చూపించిన ప్రయోగం 2011లో వచ్చింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో యాదిన్ దుదాయి బృందం, లండన్ పరిశోధకులతో కలిసి చేసింది. 30 మందికి ఐదుగురేసి చొప్పున ఒక డాక్యుమెంటరీ చూపించారు. మూడు రోజుల తర్వాత ఒక్కొక్కరినీ విడిగా ప్రశ్నలడిగారు. ఇంకో నాలుగు రోజులకు మెదడు స్కానర్‌లో పడుకోబెట్టి మళ్ళీ అడిగారు. ఈసారి, మిగతా నలుగురూ చెప్పిన జవాబులంటూ తప్పుడు జవాబులు చూపించారు. అంతకుముందు ధీమాగా సరైన జవాబు చెప్పిన ప్రశ్నల్లోనే దాదాపు 70 శాతం సార్లు గుంపు మాటకు లొంగిపోయారు. వారం తర్వాత "ఆ జవాబులు ఉత్తుత్తివి, కంప్యూటర్ ఇష్టమొచ్చినట్టు పెట్టింది" అని చెప్పేసి మళ్ళీ పరీక్ష పెట్టారు. అప్పుడు కూడా, లొంగిన వాటిలో సుమారు 40 శాతం తప్పులు తప్పులుగానే ఉండిపోయాయి. ఇవి మొహమాటం తప్పులు కావు, జ్ఞాపకమే మారిపోయింది. అలా మారిపోయిన సందర్భాల్లో, స్కానర్‌లో ఉన్నప్పుడే, మెదడులో జ్ఞాపకాలను చూసుకునే హిప్పోకాంపస్‌తో పాటు, భయంలాంటి భావోద్వేగాలను చూసుకునే అమిగ్డాలా కూడా గట్టిగా స్పందించింది. అదే తప్పును మనుషులు కాక కంప్యూటర్ చెప్పిందంటే అమిగ్డాలా అంతగా పట్టించుకోలేదు.

ఇది ఎలా జరుగుతుందో చెప్పాలంటే నాకు పాలు తోడుపెట్టడం కన్నా మంచి పోలిక దొరకలేదు. ఫ్రిజ్‌లోంచి తీసిన చల్లటి పాలల్లో తోడు చుక్క వేస్తే ఏమీ కాదు. గోరువెచ్చగా చేసి వేస్తే, పక్కింటి నుంచి తెచ్చిన అర చెంచా చాలు, గిన్నెడు పాలూ పెరుగైపోతాయి. జ్ఞాపకాన్ని వెచ్చబెట్టడం అంటే దాన్ని గుర్తు చేసుకోవడమే. 2000లో మెదడు పరిశోధకులు కరీమ్ నాదర్, జోసెఫ్ లెడూ ఎలుకలకు ఒక శబ్దం వినిపిస్తూ షాక్ ఇచ్చి భయం నేర్పారు. మర్నాడు ఆ శబ్దం మళ్ళీ వినిపించి, వెంటనే అమిగ్డాలాలోకి అనిసోమైసిన్ ఎక్కించారు. కొత్త ప్రోటీన్ల తయారీని ఆపే మందు అది. భయం తగ్గిపోయింది. శబ్దం వినిపించకుండా మందు ఒక్కటే ఇస్తే భయం అలాగే ఉంది, అంటే చల్లటి పాలన్నమాట. వినిపించిన ఆరు గంటల తర్వాత ఇచ్చినా పని చేయలేదు, అప్పటికే తోడుకుపోయింది. లోపల జరిగేదేమిటంటే, గుర్తు చేసుకున్నప్పుడు, నాడీకణాల మీద సంకేతాలు అందుకునే ఎన్‌ఎండీఏ గ్రాహకాల ద్వారా సంకేతం వెళ్ళి, రెండు నాడీకణాలు కలిసే నాడీసంధి దగ్గర ఉన్న కొన్ని ప్రోటీన్లను ప్రోటియాజోమ్ అనే కణంలోని కత్తెర యంత్రం ముక్కలు చేస్తుంది. జ్ఞాపకం మళ్ళీ నిలబడాలంటే కొత్త ప్రోటీన్లు తయారు కావాలి. ఈ మధ్య వ్యవధిలోనే అది మెత్తగా ఉంటుంది. ఇంకో సంగతి, నేటి పెరుగే రేపటికి తోడు. ఒకసారి తప్పు కలిసిన కథను మళ్ళీ చెప్పినప్పుడు, చెప్పేవాడికి దొరికేది ఆ కలిసిన కథే.

మనుషుల్లోనూ వెచ్చబెడితే ఇలాగే అవుతుందా? 2009లో మనస్తత్వ పరిశోధకుడు జేసన్ చాన్ బృందం ఒక టీవీ ఎపిసోడ్ చూపించి, కొందరికి వెంటనే పరీక్ష పెట్టి, ఆపైన అందరికీ తప్పుడు వివరాలు వినిపించింది. పరీక్ష రాసినవాళ్ళకే గట్టిగా గుర్తుండాలి కదా? వాళ్ళే ఎక్కువగా తప్పులో పడ్డారు. అయితే ఎలుక ప్రోటీన్ల కథనే యథాతథంగా ఇక్కడికి తెచ్చి అతికించకూడదు. అసలు జ్ఞాపకం చెడిపోయిందా, లేక చెక్కుచెదరకుండా అడుగున ఉండి పైకి రావడం లేదా అన్న తగువు 1985 నుంచీ నడుస్తూనే ఉంది. అడుగున పాలు మిగిలే పెరుగు ఉండదు కాబట్టి నా పోలిక ఇక్కడితో సరి.

మాస్టార్లకు ఒక మాట. బిట్ పేపర్‌లో నమ్మించేలా రాసిన తప్పు ఆప్షన్లు కూడా పిల్లల బుర్రలో కూర్చుంటాయి, కొన్నాళ్ళకు అవే సరైనవిగా గుర్తొస్తాయి. పరీక్ష అయిన వెంటనే సరైన జవాబు చెబితే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. మార్కులు చెప్పి పంపించేస్తే తప్పదు.

ఇంతకీ అసలు వస్తువే లేకుండా జ్ఞాపకం పుడుతుందా? 1992 అక్టోబర్ 4న ఆమ్‌స్టర్‌డామ్‌లో ఒక సరుకుల విమానం అపార్ట్‌మెంట్ల మీద కూలింది. కూలిన క్షణాన్ని ఎవరూ వీడియో తీయలేదు. పది నెలల తర్వాత డచ్ పరిశోధకులు "విమానం బిల్డింగ్‌ను గుద్దుకున్న దృశ్యం టీవీలో చూశారా?" అని జనాన్ని అడిగితే 55 శాతం మంది చూశామన్నారు. మంటలు ఎంతసేపటికి లేచాయో కూడా కొందరు చెప్పారు. తర్వాత ఇదే ప్రశ్న లా విద్యార్థులను అడిగారు. 66 శాతం!