నెగెటివ్‌కు ఒక తేదీ ఉంటుంది

మసాచుసెట్స్‌లో ఉంటున్న ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం రెండు వారాలుగా నా బల్ల మీదే ఉంది. జూన్‌లో ఆమె అడవి దారిలో నడిచి వచ్చాక మోకాలి వెనుక గసగసాల గింజంత పిడుదు కనిపించింది. పీకి పారేశారు. తొమ్మిదో రోజున అక్కడే అరచేయంత ఎర్రని మచ్చ తేలింది. మరునాడే రక్తపరీక్ష చేయించుకున్నారు, ఫలితం నెగెటివ్. "లైమ్ వ్యాధి కాదు, ఏదో పురుగు కుట్టి ఉంటుంది" అని చెప్పి పూత మందు ఇచ్చి పంపారు. అక్టోబరులో అదే మోకాలు వాచింది. "మళ్ళీ పరీక్ష చేయమంటే, ముందే చేశాం కదా, నెగెటివ్ వచ్చింది కదా అంటున్నారు. ఆ పరీక్ష తప్పా, నా అనుమానం తప్పా?" అని అడిగారు.

రెండూ తప్పు కావు. లైమ్ అంటే పిడుదు కాటుతో ఒంట్లో చేరే ఒక బాక్టీరియా వల్ల వచ్చే జబ్బు. జూన్‌లో పరీక్ష నిజమే చెప్పింది. కానీ దానిని అడిగిన ప్రశ్న "ఒంట్లో లైమ్ క్రిమి ఉందా?" అన్నది కాదు. "ఆ క్రిమిని ఈ శరీరం ఇప్పటికే గుర్తుపట్టి, తగినన్ని యాంటీబాడీలు తయారు చేసిందా?" అన్నది. పదో రోజున చాలామంది శరీరాలు ఇచ్చే నిజాయితీగల జవాబు "ఇంకా లేదు" అనే. ఆ "ఇంకా" అన్న మాట రిపోర్టులో అచ్చు కాదు. నన్ను ఈ వ్యాసానికి కూర్చోబెట్టింది ఆ లేని మాటే.

మరి క్రిమినే నేరుగా వెతకవచ్చు కదా? వెతకవచ్చు, దొరకదు. బొరేలియా బర్గ్‌డార్ఫెరై అనే ఈ మెలికల బాక్టీరియాకు రక్తం ఇల్లు కాదు, దారి మాత్రమే. చర్మంలోంచి బయలుదేరి కీళ్ళకో, నరాలకో, గుండెకో చేరిపోతుంది. రక్తంలో ఉన్న కొద్ది రోజులూ చాలా పలుచగా ఉంటుంది కాబట్టి క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పీసీఆర్ పరీక్షకు కూడా తరచూ చిక్కదు. పోనీ ల్యాబ్‌లో పెంచుదామా అంటే, అనుకూలమైన పరిస్థితుల్లో ఇ.కోలై ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతుంటే, ఇది రెట్టింపు కావడానికి కనీసం ఎనిమిది గంటలో పన్నెండు గంటలో తీసుకుంటుంది. అందుకే నేరస్థుణ్ణి వదిలి సాక్షిని విచారిస్తున్నాం. ఆ సాక్షి మన రోగనిరోధక వ్యవస్థ.

బడిలో యాంటీబాడీలను కత్తులు పట్టుకున్న సైనికులుగా బొమ్మ వేసి చూపిస్తారు. ఆ బొమ్మ మీద నాకు చాలా కాలంగా కోపం ఉంది. సైనికులు పిలవగానే వస్తారు. యాంటీబాడీలు అలా రావు. వాటిని తయారు చేసే లక్షల రకాల బి-కణాల్లోంచి ఈ క్రిమికి సరిపడేవి ఎంపిక కావాలి, అవి విభజన చెందాలి, క్రిమిని పట్టుకునే తమ గ్రాహకాలకు పదును పెట్టుకోవాలి. ముందు ఐజీఎం రకం వస్తుంది, సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలకు. తరువాత వచ్చే ఐజీజీ రకం కొలవదగినంత పేరుకునేందుకు నాలుగు నుంచి ఆరు వారాలు పట్టవచ్చు. మచ్చ మాత్రం పిడుదు కుట్టిన 3 నుంచి 30 రోజుల లోపే తేలుతుంది. మచ్చ ముందు, సాక్ష్యం వెనుక. మచ్చ దశలో ప్రామాణిక పరీక్ష, వ్యాధి ఉన్నవారిలో సగం మందిని కూడా పట్టుకోలేకపోతుంది.

ఆ మచ్చ రోగుల్లో 70 నుంచి 80 శాతం మందిలో కనిపిస్తుంది. బొమ్మల్లో చూపించే వలయాకారం లేకుండా ఒకే ఎరుపుగా ఉండేవే ఎక్కువ. పిడుదులున్న ప్రాంతంలో తిరిగి వచ్చినవారికి, రోజురోజుకూ వెడల్పవుతూ అలాంటి మచ్చ వస్తే అదే రోగనిర్ధారణ. పరీక్ష కోసం ఆగకుండా చికిత్స మొదలుపెట్టాలని ఇన్ఫెక్షియస్ డిసీజెస్ సొసైటీ ఆఫ్ అమెరికా మరో రెండు వైద్య సంఘాలతో కలిసి 2020లో ఇచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. మచ్చ మీద సందేహం ఉంటే అప్పుడొకసారి, రెండు మూడు వారాల తరువాత మరొకసారి రక్తం తీసి పోల్చమంటున్నాయి.

ఇక నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటికి వస్తాను. ఈ క్రిమి ఒంటి మీద వీఎల్ఎస్ఈ అనే ప్రొటీన్ ఉంటుంది. 1997లో హ్యూస్టన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో స్టీవెన్ నోరిస్ బృందం దీని జన్యువును బయటపెట్టింది. దీనిని ఒక పాట అనుకోండి. అందులో ఆరు చరణాలున్నాయి, వాటి నడుమ ఎప్పుడూ మారని ఆరు పల్లవి పాదాలున్నాయి. జన్యుశాస్త్రజ్ఞులు చరణాలను మారే ప్రాంతాలు అనీ, పాదాలను మారని ప్రాంతాలు అనీ అంటారు. పాడే పాట ఒక్కటే, కానీ దాని పక్కనే 15 నోటు పుస్తకాలు పేర్చి ఉన్నాయి. వాటిని ఎవరూ పాడరు. అవి మూగ క్యాసెట్లు, అంటే ప్రొటీన్‌గా మారని జన్యు ముక్కలు. క్రిమి మన ఒంట్లో ఉన్నంత కాలం ఆ పుస్తకాల్లోంచి ఒక మాట ఇక్కడ, అరపంక్తి అక్కడ తెచ్చి చరణాల్లో అతికించుకుంటూ ఉంటుంది. ఎంత వాడినా నోటు పుస్తకాలు చెడవు, వాటి నుంచి నకలు మాత్రమే వస్తుంది. మారేది పాడే పాట ఒక్కటే. 15 పుస్తకాల నుంచి, ఆరు చరణాల్లోకి, ఏ పొడవు ముక్క అయినా, ఎన్నిసార్లైనా. ఇక ఎన్ని పాటలు పుడతాయో ఊహించుకోండి. ఎలుకల్లో ఈ మార్పు నాలుగో రోజుకే మొదలవుతుంది. పిడుదు కడుపులో, ల్యాబ్ గాజుగొట్టంలో మాత్రం పాట మారదు. వినేవాళ్ళు లేనిచోట చరణం మార్చవలసిన అవసరం దానికి లేదు.

మన బి-కణాలు ఈ పాట విని ఒక చరణాన్ని నేర్చుకుంటాయి. దానికి సరిపడే యాంటీబాడీ తయారయ్యేసరికి ఆ చరణం పోయి మరొకటి వస్తుంది. పాత చరణం పాడుతున్న క్రిములు చస్తాయి, కొత్తది అందుకున్నవి బతుకుతాయి. ఇదంతా ఊహ కాదనడానికి ఒక అందమైన రుజువు ఉంది. వీఎల్ఎస్ఈ జన్యువూ, దాని నోటు పుస్తకాలూ ఎల్‌పీ28-1 అనే చిన్న పొడుగాటి ప్లాస్మిడ్ మీద, అంటే ప్రధాన క్రోమోజోముకు వేరుగా ఉండే డీఎన్ఏ ముక్క మీద ఉంటాయి. ఆ ప్లాస్మిడ్ పోగొట్టుకున్న క్రిములను మామూలు ఎలుకలకు ఎక్కిస్తే కొద్ది వారాల్లో తుడిచిపెట్టుకుపోతాయి. యాంటీబాడీలు తయారు చేయలేని ఎలుకలకు ఎక్కిస్తే అవే క్రిములు హాయిగా నిలిచి ఉంటాయి. వినే చెవి లేనప్పుడు పాట మార్చలేనిదీ బతుకుతుందన్నమాట.

మరి చరణాలు ఇలా మారిపోతుంటే పరీక్ష దేనిని పట్టుకోవాలి? పల్లవిని. అందులోనూ ఆరో పాదాన్ని. 1990ల చివర టులేన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు, ఈ ఆరో మారని ప్రాంతానికి రోగుల రక్తంలో గట్టి యాంటీబాడీలు ఉంటాయని గమనించారు. ఆ పాదాన్ని కృత్రిమంగా తయారు చేసి నిర్మించినదే సీ6 పరీక్ష. ఇక్కడే నన్ను ఏళ్ళ తరబడి వెంటాడిన చిక్కుముడి ఒకటి వస్తుంది. మారని పాదానికి అంత గట్టి యాంటీబాడీలు ఉన్నప్పుడు అవి క్రిమిని ఎందుకు చంపవు? ఎందుకంటే బతికి ఉన్న క్రిమిలో ఆ పాదం ప్రొటీన్ మడతల లోపల దాగి ఉంటుంది. బయటికి తేలి ఉండేవి ఎప్పటికప్పుడు మారే చరణాలే. క్రిమి చచ్చి ముక్కలైనప్పుడే పల్లవి బయటపడి మన కణాల చెవిన పడుతుంది. అందుకే ఆ యాంటీబాడీ రోగికి రక్షణ ఇవ్వదు, వైద్యుడికి ఆనవాలు ఇస్తుంది. పల్లవి వినబడాలంటే ముందు కొన్ని క్రిములు పుట్టాలి, కొన్ని చావాలి, ఆ తరువాత శరీరం నేర్చుకోవాలి. జూన్‌లో మన పాఠకురాలి రక్తం తీసినప్పుడు ఇదంతా ఇంకా సగంలో ఉండి ఉంటుంది.

కొంత సాంకేతికం తప్పదు. 1994లో మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో జరిగిన సమావేశం రెండంచెల పద్ధతిని ఖాయం చేసింది. మొదట యాంటీబాడీలు ఉన్నాయో లేదో చూసే ఎలైసా పరీక్ష, అది పాజిటివ్ లేదా సందేహంగా వస్తే వెస్టర్న్ బ్లాట్. బ్లాట్‌లో క్రిమి ప్రొటీన్లను బరువును బట్టి చారలుగా విడదీసి, రోగి యాంటీబాడీలు ఏ చారలకు అంటుకున్నాయో చూస్తారు. ఐజీఎంకు 24, 39, 41 కిలోడాల్టన్ల (ప్రొటీన్ బరువు కొలత) చారల్లో రెండు ఉండాలి. దాన్ని జబ్బు మొదలైన తొలి నెలలోనే లెక్కలోకి తీసుకోవాలి. ఐజీజీకి నిర్ణయించిన పది చారల్లో అయిదు ఉండాలి. "నాకు 41 చార వచ్చింది, అయినా నెగెటివ్ అంటున్నారు" అని బాధపడేవారు చాలామంది ఉన్నారు. 41 అంటే క్రిమి కశాభపు, అంటే అది కదలడానికి వాడే తోక లాంటి పోగు ప్రొటీన్. కశాభాలున్న ఇతర బాక్టీరియాలకూ దానికీ పోలిక ఉంది కాబట్టి, లైమ్ ఎన్నడూ సోకని ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఆ చార తరచుగా కనిపిస్తుంది. ఒక్క చారను పట్టుకుని జాతకం చెప్పకూడదు. 2019 నుంచి బ్లాట్ స్థానంలో రెండో ఎలైసా తరహా పరీక్షనే వాడే పద్ధతికి కూడా అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ అనుమతి ఇచ్చింది. తొలి దశలో అది కొంత మెరుగు.

ఇప్పుడొక లెక్క. అంకెలు నేను అనుకున్నవే, తర్కం చూడండి. పిడుదుల ప్రాంతంలో అలాంటి మచ్చతో వచ్చిన 100 మందిలో 80 మందికి నిజంగా లైమ్ ఉందనుకుందాం. పరీక్ష వారిలో 40 శాతాన్ని, అంటే 32 మందిని పట్టుకుంటుంది. మిగిలిన 48 మందికి నెగెటివ్. లైమ్ లేని 20 మందికీ నెగెటివే వచ్చిందనుకుంటే, నెగెటివ్ వచ్చిన 68 మందిలో 48 మంది రోగులే. అంటే ఆ కాగితం పట్టుకున్న పదిమందిలో ఏడుగురికి జబ్బు ఉంది. ఇప్పుడు తిప్పి చూడండి. ఏడాదిగా అలసట తప్ప వేరే గుర్తులేవీ లేని 100 మందిలో ఇద్దరికి లైమ్ ఉందనుకుందాం. అంత ఆలస్యపు దశలో పరీక్ష ఇద్దరినీ పట్టుకునే అవకాశమే ఎక్కువ. నెగెటివ్ వచ్చినవారిలో లైమ్ ఉన్నవారు దాదాపు ఉండరు. అదే కాగితం, అదే మాట, రెండు వేర్వేరు అర్థాలు. 2013లో వర్జీనియా రాష్ట్రం, నెగెటివ్ వచ్చినంత మాత్రాన లైమ్ లేదని కాదని రోగికి రాతపూర్వకంగా చెప్పాలంటూ చట్టమే చేసింది. నా అభిప్రాయంలో ఆ వాక్యం సగమే. ఏ వారంలో తీసిన నెగెటివ్ అన్నది చేర్చకపోతే ఒకరికి ధైర్యం, మరొకరికి తప్పుడు ఆశ.

ఆ తప్పుడు ఆశ గురించి మాట్లాడటం నాకు కష్టంగానే ఉంటుంది. సంవత్సరాలుగా నొప్పులతో, మతిమరుపుతో, నిద్రలేమితో బాధపడుతూ నాలుగైదుసార్లు నెగెటివ్ వచ్చినా లైమ్ పేరు కోసం వెతికేవారిని చూశాను. వారి బాధ నిజం. కానీ ఆలస్యపు దశలో మళ్ళీ మళ్ళీ వచ్చే నెగెటివ్ బలమైన సాక్ష్యం. అప్పుడు వెతకవలసింది లైమ్‌ను పాజిటివ్‌గా చూపించే మరో ల్యాబ్‌ను కాదు, ఆ బాధకు అసలు కారణాన్ని. సరిగా నిర్ధారించని మూత్రపరీక్షలూ, సొంతంగా చారల నియమాలు సడలించుకున్న బ్లాట్‌లూ ఆ నిరాశ మీదే బతుకుతున్నాయి. నెలల తరబడి యాంటీబయాటిక్స్ ఇచ్చి చూసిన ప్రయోగాల్లో నిలకడైన మేలు కనబడలేదు, హాని మాత్రం కనబడింది.

అయినా "అంతా మీ మనసులోనే ఉంది" అన్న మాటను ఈ జబ్బు చరిత్ర క్షమించదు. కనెటికట్‌లోని లైమ్ అనే ఊరిలో పాలీ మరే అనే గృహిణి, తన కుటుంబంలో మచ్చలనూ వాపులనూ ఏళ్ళ పాటు రాసిపెట్టుకుంది. వైద్యులు ఆమెను నమ్మలేదు. 1975లో ఆమె, మరొక తల్లి రాష్ట్ర ఆరోగ్యశాఖను కదిలించారు. యేల్ విశ్వవిద్యాలయం నుంచి ఆలెన్ స్టీర్ అనే వైద్యుడు వచ్చి రోగుల లెక్క తీశాడు. 39 మంది పిల్లలు, 12 మంది పెద్దలు. అప్పటికి పరీక్ష లేదు, క్రిమి పేరు కూడా లేదు. విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త న్యూయార్క్‌లోని షెల్టర్ ఐలండ్ పిడుదుల కడుపులో ఆ మెలికలను చూసింది 1981లో. అంతకు ఆరేళ్ళ ముందే ఒక తల్లి నోటు పుస్తకంలో జబ్బు స్వరూపం ఉంది. ఎవరికి, ఎప్పుడు, ఏ క్రమంలో అన్నదే అందులోని సాక్ష్యం.

పిడుదును నిప్పుపుల్లతో కాలిస్తేనో, నూనె పోస్తేనో అదే వదిలేస్తుందన్న నమ్మకాన్ని కూడా ఇక్కడే తుడిచేస్తాను. అలా చికాకు పెడితే అది తన కడుపులోది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. సన్నని మొనలున్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగాలి. క్రిమి దాని కడుపులోంచి లాలాజల గ్రంథులకు చేరడానికి సాధారణంగా ఒక రోజుకు పైగా పడుతుంది కాబట్టి, ఎంత త్వరగా తీస్తే అంత మేలు.

పాఠకురాలికి నా జవాబు ఇది. అక్టోబరు మోకాలికి జూన్ రక్తం సాక్ష్యం చెప్పజాలదు. కొత్తగా రక్తం తీయమనండి. లైమ్ వల్ల వచ్చిన కీలువాపు అయితే ఈపాటికి ఐజీజీ దాదాపు తప్పకుండా, అదీ గట్టిగా, పాజిటివ్ వస్తుంది. మోకాలి నుంచి తీసిన ద్రవంలో పీసీఆర్‌కు కూడా రక్తంలో కంటే క్రిమి ఆనవాలు దొరికే అవకాశం చాలా ఎక్కువ. ఈసారి కూడా ఐజీజీ నెగెటివ్ వస్తే, వాపుకు వేరే కారణం వెతకమని మీరే అడగండి. ఒక కాగితం మీద నాలుగు తేదీలు రాసుకుని వెళ్ళండి: పిడుదు కనిపించిన రోజు, మచ్చ తేలిన రోజు, రక్తం ఇచ్చిన రోజు, మధ్యలో ఏ కారణంగానైనా యాంటీబయాటిక్ వేసుకుని ఉంటే ఆ రోజు. నాలుగోది మరిచిపోకండి. మచ్చ దశలోనే డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ పడితే క్రిములు త్వరగా చనిపోయి, శరీరం పాట పూర్తిగా నేర్చుకోకముందే వ్యవహారం ముగిసిపోవచ్చు. అలాంటివారికి లైమ్ వచ్చిందన్నది నిజమే అయినా, పరీక్ష ఎప్పటికీ పాజిటివ్ కాకపోవచ్చు. ఆలస్యంగా చికిత్స పొందినవారిలో మాత్రం జబ్బు నయమైన ఎన్నో ఏళ్ళ తరువాత కూడా రక్తంలో ఆ యాంటీబాడీలు నిలిచి ఉండవచ్చు.