గ్యాంగులోకి ఎందుకు వెళ్తారు? నూట యాభై ఏళ్లుగా మారుతూ వచ్చిన జవాబు

ఎక్కడైనా ఓ గ్యాంగ్ పట్టుబడిందని వార్త రాగానే రెండు మాటలు తప్పకుండా వినిపిస్తాయి. ఒకటి 'ఈజీ మనీకి అలవాటు పడ్డారు', రెండోది 'పెంపకం సరిగ్గా లేదు'. రెండింట్లోనూ కొంత నిజం ఉంది. కానీ ఈ ప్రశ్న వెంట పడినవాళ్లు ఇన్నేళ్లుగా రాసిపెట్టింది చదివితే డబ్బు కారణం మనం అనుకున్నంత బలమైందేమీ కాదని తెలుస్తుంది. ఇంకా చిరాకు పుట్టించే విషయం, గ్యాంగుల్ని అణచడానికి తీసుకున్న నిర్ణయాలే చాలాచోట్ల వాటికి ఎరువు అయ్యాయి.

మొదట్లో జవాబు చాలా సులువుగా ఉండేది: నేరం పుట్టుకతోనే వస్తుందన్నారు. 1876లో ఇటలీ డాక్టర్ చేజారే లొంబ్రోజో పుర్రెలు, దవడలు, చెవులు కొలిచి నేరస్థుల్ని మొహం చూసి గుర్తుపట్టొచ్చని పుస్తకం రాశాడు. అంతకు ఐదేళ్ల ముందే, 1871లో, బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం కొన్ని జాతులు మొత్తానికి మొత్తం నేరస్థులేనని చట్టం చేసింది. ఆ ముద్రపడిన ఇంట్లో పుడితే చాలు, పోలీసుల రిజిస్టర్‌లోకి ఎక్కినట్టే. ఆ చట్టం 1952లో గానీ దేశమంతటా పోలేదు. పుర్రెల కొలతలు ఇప్పుడు ఎవరూ నమ్మరు గానీ, 'వాళ్ల జాతే అంత' అనే మాట మాత్రం ఇంకా చలామణీలోనే ఉంది.

మలుపు షికాగోలో వచ్చింది. 1920ల్లో ఆ నగరం వలస వచ్చినవాళ్లతో కిక్కిరిసి ఉండేది. ఫ్రెడరిక్ త్రాషర్ అనే సోషియాలజిస్టు అక్కడి 1,313 గ్యాంగుల వివరాలు సేకరించి 1927లో అచ్చువేశాడు. వాటిలో చాలావరకు మొదట్లో ఆడుకునే పిల్లల గుంపులే. పక్కవీధి పిల్లలతో తగువు, పోలీసులు తరమడం, పెద్దవాళ్లు ఛీకొట్టడం, ఇలా బయటినుంచి దెబ్బ తగిలేకొద్దీ ఆ గుంపు గట్టిపడి గ్యాంగ్ అయ్యేది.

తర్వాత అక్కడి పరిశోధకులే క్లిఫర్డ్ షా, హెన్రీ మెక్‌కే ఇంకో పని చేశారు. బాలనేరస్థుల కోర్టు రికార్డులు తీసి, ఒక్కో పిల్లాడి ఇంటికి మ్యాప్ మీద ఒక్కో చుక్క పెట్టారు. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికన్నా గట్టిగా అనిపించే సాక్ష్యం ఆ మ్యాపులే. కొన్ని దశాబ్దాల్లో చుక్కలు ఎక్కువగా పడిన పేటల నుంచి జర్మన్లు, ఐరిష్‌వాళ్లు వెళ్లిపోయి పోలండ్, ఇటలీ వాళ్లు దిగారు, మనుషులు మారారు, భాష మారింది, అయినా చుక్కలు మాత్రం అవే వీధుల్లో గుంపులుగా పడ్డాయి. అక్కణ్ణుంచి మంచి ఏరియాకి మారిన కుటుంబాల పిల్లల్లో నేరాలు తగ్గాయి కూడా. అంటే లోపం రక్తంలో ఉందనే వాదన అక్కడితో కూలిపోవాలి. కూలలేదనుకోండి, అది వేరే సంగతి.

1938లో రాబర్ట్ మెర్టన్ అనే సోషియాలజిస్టు ఇంకో మెలిక పెట్టాడు: అందరికీ ఒకే కల చూపించి, దాన్ని అందుకునే దారి కొందరికే తెరిస్తే, మిగతావాళ్లలో కొందరు దొడ్డిదారి పడతారని. సరే, మరి ఆ దొడ్డిదారిలోనైనా డబ్బు నిజంగా వస్తుందా?

దీనికి జవాబు మళ్లీ షికాగోలోనే దొరికింది. డ్రగ్స్ అమ్మే ఒక గ్యాంగ్ నెలవారీ జమాఖర్చులు సుధీర్ వెంకటేశ్ అనే పరిశోధకుడి చేతికి వచ్చాయి. ఆర్థికవేత్త స్టీవెన్ లెవిట్‌తో కలిసి ఆ లెక్కల్ని 2000లో ప్రచురించాడు. వీధి మూల నిలబడి సరుకు అమ్మే కుర్రాడికి గంటకు గిట్టేది దాదాపు కనీస వేతనమంత, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. ఆ పనిలో ప్రాణాలు పోవడం మామూలు విషయం. చాలామంది పక్కన వేరే చిన్న ఉద్యోగం కూడా చేసుకునేవాళ్లు! పెద్ద మొత్తం పైనున్న నాయకుడికే. కింద నిలబడ్డవాడు ఎదురుచూసేది ఎప్పటికైనా ఆ కుర్చీ దొరక్కపోతుందా అని. ఇది ఈజీ మనీ ఎలా అవుతుందో నాకైతే అర్థం కాదు.

డబ్బు అంతంతమాత్రమే అయినప్పుడు ఇంకేం దొరుకుతోంది? చాలామంది చెప్పే మొదటి మాట రక్షణ. లాస్ ఏంజెలెస్‌లో ఎంఎస్-13 అనే గ్యాంగ్ పుట్టిన తీరు చూడండి. మధ్య అమెరికాలోని చిన్న దేశం ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి 1992 దాకా సాగిన అంతర్యుద్ధంలో సుమారు 75,000 మంది చనిపోయారు, లక్షలమంది పారిపోయారు. అమెరికా చేరినవాళ్ల పిల్లలు లాస్ ఏంజెలెస్‌లో అప్పటికే పాతుకుపోయిన గ్యాంగుల మధ్య పడ్డారు. మొదట వాళ్లది హెవీ మెటల్ పాటలు వింటూ గంజాయి తాగే జులాయి బ్యాచ్. తన్నులు తింటూ తింటూ తిరగబడటం నేర్చుకున్నారు. కొత్తగా చేరేవాణ్ణి సొంత గ్యాంగువాళ్లే పదమూడు అంకెలు లెక్కపెట్టేదాకా చుట్టుముట్టి కొడతారు, తట్టుకుని లేచి నిలబడితే వాడు ఇక తమవాడు. బయటివాళ్లకి అది పిచ్చితనంలా కనిపిస్తుంది గానీ, 'నిన్ను ఎవరైనా ముట్టుకుంటే మేమున్నాం' అని ఆ కుర్రాడితో మొదటిసారి అన్నది బహుశా వాళ్లే.

ఇక్కడే ప్రభుత్వాలు కథలోకి వస్తాయి. యుద్ధం ముగిశాక అమెరికా వీళ్లను తిప్పి పంపడం మొదలుపెట్టింది, 1996లో తెచ్చిన వలస చట్టంతో అది ఊపందుకుంది. చిన్నప్పుడే వదిలేసిన దేశంలో, స్పానిష్ కూడా సరిగ్గా రానివాళ్లు కొందరు, ఒంటినిండా టాటూలతో దిగారు. అక్కడ యుద్ధంలో మిగిలిన తుపాకులకు కొదవలేదు, పోలీసు శాఖ అప్పుడే కొత్తగా తయారవుతోంది. కొన్నేళ్లకే బస్సులవాళ్ల దగ్గరా చిన్న దుకాణాల దగ్గరా మామూళ్లు వసూలు చేసే సామ్రాజ్యాలు లేచాయి. 2003లో 'ఉక్కుపిడికిలి' విధానం తెచ్చి టాటూ కనిపిస్తే లోపలేశారు. జైళ్లలో కొట్టుకోకుండా ఒక్కో గ్యాంగుకి ఒక్కో జైలు కేటాయించారు. నాయకులంతా ఒకే కప్పు కింద, తిండి ఖర్చు సర్కారుది, ప్లాన్లు వేసుకోవడానికి కావలసినంత టైమ్! 2015 నాటికి హత్యల రేటు ఏడాదికి లక్ష జనాభాకు వంద దాటింది.

ఇది అక్కడికే పరిమితం కాదు. మెక్సికన్ మాఫియా అనే గ్యాంగ్ 1957లో కాలిఫోర్నియా జైల్లో పుట్టింది. బ్రెజిల్‌లో 1992లో కరండీరు జైల్లో 111 మంది ఖైదీలు చనిపోయిన మరుసటి ఏడాది, మరో జైల్లో పీసీసీ అనే ముఠా మొదలైంది, ఇప్పుడు ఆ దేశంలో అంతకన్నా పెద్దది లేదు. జైల్లో కాపాడే దిక్కు లేనివాడు ఎవరో ఒకరి పంచన చేరాల్సిందే. బయట తప్పించుకున్నవాడు కూడా లోపల గ్యాంగ్ మనిషై తిరిగొస్తాడు.

ఎల్ సాల్వడార్ 2022 మార్చిలో ఎమర్జెన్సీ పెట్టి 80,000 మందికి పైగా అరెస్టు చేసింది. హత్యలు పడిపోయాయి, వీధుల్లో జనం ఊపిరి పీల్చుకున్నారు, అది కాదనలేం. అమాయకులు కూడా లోపలికి వెళ్లారు, అదీ కాదనలేం.

స్కాట్లండ్‌లోని గ్లాస్గో ఇంకో దారి పట్టింది. కత్తిపోట్లతో సతమతమవుతున్న ఆ నగరంలో 2005లో పోలీసులే హింసను అంటువ్యాధిలా చూడాలని ఒక విభాగం పెట్టారు. 2008 నుంచి గ్యాంగ్ కుర్రాళ్లను కోర్టు హాలుకి పిలిచి కూర్చోబెట్టేవాళ్లు. ఆసుపత్రి డాక్టరు గాయాల గురించి చెప్పేవాడు, కొడుకును పోగొట్టుకున్న తల్లి మాట్లాడేది, గొడవలు ఆపకపోతే గ్యాంగు మొత్తాన్నీ వెంటాడతామని పోలీసు హెచ్చరించేవాడు. చివర్లో ఒక ఫోన్ నంబరు ఇచ్చేవాళ్లు, మానేద్దాం అనుకుంటే చదువుకో పనికో సాయం దొరికేది. నిజానికి గ్యాంగులో చేరిన టీనేజర్లలో ఎక్కువమంది ఏడాది, రెండేళ్లకే వాళ్లంతట వాళ్లే బయటికొచ్చేస్తారని అమెరికాలో పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించిన అధ్యయనాలు చెబుతున్నాయి. ఆ రెండేళ్లలో కేసు పడినవాడికి మాత్రం బయటికొచ్చాక పని ఇచ్చేవాళ్లు దొరకరు, పాత గ్యాంగువాళ్లు మాత్రం వెతుక్కుంటూ వస్తారు.