"డోసు ఎక్కువిచ్చారు" అనే అపోహ గురించి

మత్తు డాక్టర్‌గా ఆపరేషన్ ముందు పేషెంట్‌ని చూడ్డానికి వెళ్ళినప్పుడు తప్పకుండా అడుగుతాను: మీకు గానీ, మీ రక్తసంబంధీకులకు గానీ మత్తు ఇచ్చినప్పుడు ఏదైనా ఇబ్బంది వచ్చిందా? చాలామంది ఆలోచించకుండానే "ఏం లేదండీ" అనేస్తారు. ఆ మధ్య ఒకావిడ కూడా అలాగే అన్నారు. నేను లేస్తుంటే పక్కనున్న కూతురు, "మామయ్యకి అపెండిక్స్ ఆపరేషనప్పుడు మూడు నాలుగు గంటలు ఊపిరి రాక మెషీన్ మీద ఉంచారు కదమ్మా" అంది. "వాడికి డోసు ఎక్కువిచ్చారే, దానికీ నాకూ ఏం సంబంధం?" అని ఆవిడ కసిరారు.

సంబంధం ఉంది. ఈ ఒక్క మాట దాచడం వల్ల వచ్చినంత ప్రమాదం మిగతా అపోహలన్నీ కలిపినా రాదు.

జనరల్ అనస్థీషియాలో నిద్రకి ఒక మందు, నొప్పికి ఒకటి, కండరాల సడలింపుకి వేరొకటి ఇస్తాం. ఈ చివరి రకంలో సక్సినైల్‌కోలిన్ అనేది నిమిషంలో పనిచేసి, మామూలుగా 5-10 నిమిషాల్లో దిగిపోతుంది. అందుకే అర్జంటుగా శ్వాసనాళంలోకి గొట్టం వేయాలంటే చాలాసార్లు దాన్నే వాడతాం. అంత త్వరగా దిగడానికి కారణం రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. కొందరికి పుట్టుకతోనే అది సరిగా పనిచేయదు. రోజువారీ జీవితంలో వాళ్ళకి ఏ తేడా తెలియదు, ఆపరేషన్ ముందు చేయించే మామూలు పరీక్షల్లోనూ కనపడదు, సరిగ్గా బరువుకి తగ్గట్టు ఇచ్చిన డోసే గంటల తరబడి పట్టి ఉంచినప్పుడు గానీ బయటపడదు. అమ్మ నుంచీ నాన్న నుంచీ చెరొక లోపమున్న జన్యువు వస్తే ఇలా అవుతుంది, కాబట్టి ఒకరికి ఉంటే తోబుట్టువులకీ ఉండే అవకాశం సాధారణంగా నాలుగింట ఒక వంతు.

ఇది ముందే తెలిస్తే భయం లేదు. ఆ మందు మానేసి వేరేది వాడతాం. పొరపాటున ఇచ్చినా, నిద్ర కొనసాగిస్తూ వెంటిలేటర్ మీద ఉంచితే దానంతట అదే దిగిపోతుంది, అవిటితనమేమీ మిగలదు. తెలియక మత్తు ఆపేస్తేనే కష్టం: మనిషికి తెలివి వస్తుంది, వేలు కూడా కదపలేరు, చెప్పడానికి గొంతూ ఉండదు. ఆ స్థితి ఎవరికీ రాకూడదనే అడిగిందే మళ్ళీ మళ్ళీ అడుగుతాం, దయచేసి విసుక్కోకండి.

ఆవిడకి రక్తపరీక్ష చేయిస్తే ఎంజైమ్ బాగా తక్కువగా ఉంది. సక్సినైల్‌కోలిన్ బదులు రోక్యురోనియం అనే వేరే సడలింపు మందు వాడాం, ఆపరేషన్ అవగానే తనంతట తను ఊపిరి తీసుకున్నారు.

మాలిగ్నెంట్ హైపర్‌థర్మియా కూడా వంశపారంపర్యమే. సక్సినైల్‌కోలిన్‌తో, పీల్చే మత్తుమందుల్లో సెవోఫ్లురేన్ లాంటి వాటితో రావచ్చు. ఒళ్ళు కాలిపోతుంది, కండరాలు బిగుసుకుపోతాయి, డాంట్రోలీన్ వెంటనే ఇవ్వకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇదివరకు మత్తు తీసుకుంటే ఏమీ కాలేదు కదా అని ధీమాగా ఉండొద్దు, రెండోసారో మూడోసారో వచ్చినవాళ్ళూ ఉన్నారు. బంధువుల పాత కాగితాలు దొరకకపోతే పోనీ, ఏ ఆపరేషన్, ఎంతసేపు మెషీన్ మీద ఉన్నారు అన్నంత వరకు చెప్పినా మాకు చాలు.

కండరాల సడలింపు మందుల గురించి మిగతా అపోహలు గబగబా చెప్పేస్తాను.

గుండె ఆగిపోతుందా? ఈ మందులు గుండె కండరాన్నీ పేగులనీ సడలించవు. ఊపిరి తీసే కండరాలు మాత్రం ఆగుతాయి, అందుకే గొట్టం, వెంటిలేటర్.

ఏళ్ళ తరబడి నీరసం ఈ మందు వల్లేనా? కాదు. సక్సినైల్‌కోలిన్ తర్వాత రెండు మూడు రోజులు ఒళ్ళునొప్పులు మాత్రం నిజమే.

మధ్యలో మెలకువ వస్తుందేమోనన్న భయాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోను. ఈ మందు నిద్రపుచ్చదు. 1947లో స్కాట్ స్మిత్ అనే డాక్టర్ నిద్రమందు లేకుండా క్యురారే అనే సడలింపు మందు ఎక్కించుకుంటే ఆయనకి అంతా తెలుస్తూనే ఉంది. అందుకే నిద్ర లోతుని మేం విడిగా, ఆపకుండా గమనిస్తాం. బ్రిటన్, ఐర్లాండ్‌లలో చేసి 2014లో వెలువరించిన పెద్ద సర్వేలో, ఇలా మెలకువ వచ్చిందని చెప్పినవాళ్ళు సుమారు 19,000 మందిలో ఒకరు.

ఇంకొకటి, ఇది ఆడవాళ్ళకి చాలాసార్లు ఎవరూ చెప్పరు. రోక్యురోనియం దించడానికి సుగామాడెక్స్ ఇచ్చి ఉంటే గర్భనిరోధక మాత్రల పని తగ్గొచ్చు, ఆపరేషన్ తర్వాత 7 రోజులు వేరే జాగ్రత్త కూడా తీసుకోండి.