మార్సెయ్ తీరంలో ఈత: అపోహలు – వాస్తవాలు

ఫ్రాన్స్ దక్షిణ తీరంలోని మార్సెయ్‌లో ఈత నేర్పడం, సందర్శకులను నిలబడి తెడ్డు వేసే పాడిల్ బోర్డుల మీద సముద్రంలోకి తీసుకువెళ్లడం నా వృత్తి. విశాఖ కెరటాలను చూసి పెరిగిన మనవారు ఇక్కడి మధ్యధరా సముద్రాన్ని చూడగానే, చెరువులా నిశ్చలంగా ఉందని ధైర్యపడతారు. నాకు ఆందోళన కలిగించేది ఆ ధైర్యమే.

అపోహ: కెరటాలు లేకపోతే ప్రమాదమూ ఉండదు.

వాస్తవం: ఇక్కడ ఆటుపోట్ల తేడా చాలా స్వల్పమన్న మాట నిజమే. కానీ జాగ్రత్త పడవలసింది గాలి విషయంలో. రోన్ నది లోయ గుండా వచ్చే మిస్త్రాల్ గాలి ఇక్కడి కొన్ని బీచ్‌లలో నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి, ఒడ్డు పక్కన నీరు నున్నగానే కనిపిస్తుంది. కొన్ని వందల మీటర్లు దాటాక అదే గాలి అలలను లేపుతుంది. గాలి నింపిన పరుపు మీద పడుకున్న పిల్లలు నిమిషాల్లో దూరంగా కొట్టుకుపోతారు. బోర్డు మీద ఉన్నప్పుడు గాలి పెరిగితే వెంటనే మోకాళ్ల మీదకు దిగాలి, అదీ చాలకపోతే బోర్లా పడుకుని చేతులతో నీటిని వెనక్కి తోస్తూ ఒడ్డు వైపు రావాలి. ఎంత భయం వేసినా బోర్డును వదిలి ఈదుకుంటూ రావడానికి ప్రయత్నించకూడదు, ఎందుకంటే వెతికేవారికి బోర్డు కనిపించినంత సులభంగా మనిషి తల కనిపించదు. ఫ్రాన్స్‌లో సముద్ర రక్షణ దళాన్ని పిలవడానికి 196 నంబరు ఉంది. ఫోన్‌ను నీరు చొరని సంచిలో పెట్టి మెడలో వేసుకోండి. కాపలా ఉన్న బీచ్‌లో నారింజ రంగు గాలిసంచి (గాలి దిశను చూపే గుడ్డ గొట్టం) ఎగురుతుంటే, పరుపులూ ట్యూబులూ నీటిలోకి దించవద్దని అర్థం.

అపోహ: వేసవిలో నీరు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది.

వాస్తవం: మిస్త్రాల్ పైపొర నీటిని దూరంగా నెట్టేస్తే, ఆ చోటికి అడుగునున్న చల్లని నీరు పైకి వస్తుంది. జూలైలో 24 డిగ్రీలున్న నీరు ఒకటి రెండు రోజుల్లో 16 డిగ్రీల దాకా పడిపోవడం ఇక్కడివారికి కొత్త కాదు. ఎండలో కాలిన ఒంటితో ఒక్కసారిగా దూకితే ఊపిరి అదుపు తప్పి నీరు మింగే ప్రమాదం ఉంది. మెడ, ఛాతీ తడుపుకుంటూ మెల్లగా దిగి, శ్వాస కుదుటపడ్డాకే ఈత మొదలుపెట్టాలి.

అపోహ: ఉప్పు ఎక్కువ కాబట్టి ఈత రానివారు కూడా తేలతారు.

వాస్తవం: లీటరుకు సుమారు 38 గ్రాముల ఉప్పున్న ఈ నీరు, గోదావరి, కృష్ణ, గంగ నదులు కలిసే బంగాళాఖాతం కంటే ఉప్పగా ఉంటుంది. అయినా సాంద్రతలో తేడా సాధారణంగా ఒక శాతం కూడా ఉండదు. లైఫ్ జాకెట్ తప్పదు.

అపోహ: జెల్లీఫిష్ కుడితే మంచినీటితోనో, వెనిగర్‌తోనో కడగాలి.

వాస్తవం: ఇక్కడ ఎక్కువగా కనిపించే ఊదారంగు పెలాజియా విషయంలో ఈ రెండూ చర్మానికి అంటుకున్న విషకణాలను మరింత రెచ్చగొట్టగలవు. సముద్రపు నీటితోనే కడిగి, మిగిలిన పోగులను రుద్దకుండా పట్టకారుతో తీయాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా 112కు ఫోన్ చేయాలి.

అపోహ: ఒడ్డున పేరుకున్న గోధుమరంగు ఆకులు మురికికి గుర్తు.

వాస్తవం: అవి పోసిడోనియా అనే సముద్రపు గడ్డి రాల్చిన ఆకులు. ఇసుక కోతను ఆపే ఆ కుప్పలను చెదరగొట్టకుండా దాటండి.