క్వారీ అనుమతులు, తవ్విన భూమి పునరుద్ధరణ: అపోహలు – వాస్తవాలు

చీమకుర్తి గ్రానైట్ అయినా, తాండూరు నాపరాయి అయినా, ఊరి చివర కంకర క్వారీ అయినా లీజుదారుల్లో తిరిగే మాటలు దాదాపు ఒకటే. చాలావరకు అవి ఒకరి దగ్గర విని ఇంకొకరు చెప్పినవి. వాటిని నమ్మితే జరిమానా పడుతుంది, అంతకంటే ముందు నేల పాడవుతుంది. తవ్విన భూమిని బాగు చేయడం మైనింగ్ ప్లాన్‌లో భాగం. మొదటి బకెట్ మట్టి ఎక్కడ పోస్తారన్న దగ్గరే ఆ పని మొదలవుతుంది. కింద చెప్పినవన్నీ ఈ విషయం చుట్టూ తిరిగేవే.

అపోహ: పట్టా భూమి నాది, అందులో రాయీ నాదే. ఎవరినీ అడగక్కర్లేదు.

పట్టా భూమిలోనైనా లీజో పర్మిటో లేకుండా తవ్వితే అది అక్రమ తవ్వకమే. గనుల, ఖనిజాల చట్టం (1957) లోని 15వ సెక్షన్ గ్రానైట్, కంకర లాంటి చిన్నతరహా ఖనిజాలపై నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. మన రెండు రాష్ట్రాల్లో 1966 నాటి నిబంధనలే సవరణలతో నడుస్తున్నాయి. భూమి లోపలి ఖనిజం భూయజమానిదేనని 2013లో కేరళ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. అలా చెప్పినంత మాత్రాన తవ్వకంపై చట్టం పెట్టిన నియంత్రణ పోలేదు. అనుమతి లేకుండా తవ్వితే 5 ఏళ్ల వరకు జైలు, హెక్టారుకు 5 లక్షల రూపాయల వరకు జరిమానా ఉంటాయి. తవ్వి అమ్మేసిన రాయి ధర కూడా వసూలు చేస్తారు.

ఏజెన్సీ ప్రాంతాల్లో ఇంకో కట్టుబాటు ఉంది. గిరిజన ప్రాంతాల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం, సుప్రీంకోర్టు 1997లో ఇచ్చిన సమత తీర్పు ప్రకారం అక్కడ గిరిజనేతరులకు మైనింగ్ లీజు ఇవ్వడం చెల్లదు. గిరిజనుడి పేరున కాగితాలు పెట్టి వెనక నుంచి నడిపించే పద్ధతికి ఎవరూ దిగొద్దు. దొరికిన రోజున ముందు ఇరుక్కునేది కాగితం మీద పేరున్న గిరిజనుడే.

అపోహ: లీజు చేతికొచ్చింది, ఇక మిషన్లు దింపొచ్చు.

లీజు ఒక్కటే చాలదు. మైనింగ్ ప్లాన్‌కు ఆమోదం, పర్యావరణ అనుమతి (ఈసీ), కాలుష్య నియంత్రణ మండలి నుంచి సీఎఫ్‌ఈ (క్వారీ పెట్టడానికి సమ్మతి), ఆ తర్వాత సీఎఫ్‌ఓ (నడపడానికి సమ్మతి) ఉండాలి. పేలుళ్లు జరిపేట్టయితే పేలుడు పదార్థాల లైసెన్సు, అర్హత సర్టిఫికెట్ ఉన్న బ్లాస్టర్ కావాలి. పని మొదలుపెడుతున్నట్టు గనుల భద్రతా డైరెక్టరేట్‌కు ముందుగా నోటీసు ఇవ్వాలి. వీటిలో ఒక్కటి లేకపోయినా తవ్వకం ఆగాల్సిందే.

ఒడిశా ఇనుము, మాంగనీసు గనుల కేసులో 2017 ఆగస్టు 2న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ప్రతి లీజుదారుడూ గుర్తుపెట్టుకోవాలి. ఈసీ లేకుండా తీసిన ఖనిజానికీ, ఈసీలో ఇచ్చిన పరిమాణం దాటి తీసిన ఖనిజానికీ నూరు శాతం ధర కట్టాలని కోర్టు చెప్పింది. సీనరేజి (తీసిన రాయికి ప్రభుత్వానికి కట్టే రుసుము) కట్టాం కదా అన్న వాదన అక్కడ పనికిరాదు. ఈసీలో ఏడాదికి ఎంత పరిమాణం రాసి ఉంటే అంతే తీయాలి. పోయిన ఏడు తక్కువ తీశాం కాబట్టి ఈ ఏడు కలిపి తీస్తామంటే అదీ ఉల్లంఘనే.

అపోహ: 5 హెక్టార్ల లోపు క్వారీకి ఈసీ అక్కర్లేదు.

2012 ఫిబ్రవరి 27న దీపక్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చిన రోజుతోనే ఈ మాటకు కాలం చెల్లింది. మీ లీజు 2 హెక్టార్లే కావచ్చు. దాని హద్దు నుంచి 500 మీటర్ల లోపు అదే రకం ఖనిజం క్వారీలు ఉంటే అన్నీ కలిపి ఒక క్లస్టర్ అవుతాయి. క్లస్టర్ విస్తీర్ణం 5 హెక్టార్లు దాటితే పర్యావరణ ప్రభావ అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ తప్పవు. దరఖాస్తులో పక్క క్వారీలను చూపించకుండా దాచడం వల్ల లాభం లేదు, ఉపగ్రహ చిత్రంలో అవి కనిపిస్తూనే ఉంటాయి.

అపోహ: లీజు హద్దు దాకా, ఎంత లోతు కావాలంటే అంత తీయొచ్చు.

హద్దు వెంట లోపలివైపు 7.5 మీటర్ల పట్టీని ముట్టుకోకూడదు. చదరంగా 200 × 200 మీటర్లున్న 4 హెక్టార్ల లీజు తీసుకుంటే, ఆ పట్టీకే 5,775 చదరపు మీటర్లు పోతాయి. అంటే విస్తీర్ణంలో ఏడో వంతు. మిగిలేది 185 × 185 మీటర్లు.

తర్వాత బెంచీలు, అంటే గోడను మెట్లుమెట్లుగా తీయడం. 1961 నాటి గనుల భద్రతా నిబంధనల ప్రకారం గట్టి రాతిలో బెంచీ ఎత్తు 6 మీటర్లు మించకూడదు. మొరం, గ్రావెల్, బంకమట్టి అయితే వాలు 45 డిగ్రీల లోపు ఉండాలి, లేదా మెట్టు ఎత్తు 1.5 మీటర్లు మించకుండా, వెడల్పు ఎత్తుకు తగ్గకుండా చూడాలి. పెద్ద యంత్రాలతో ఎత్తైన బెంచీ తీయాలంటే భద్రతా డైరెక్టరేట్ రాతపూర్వక అనుమతి కావాలి. 6 మీటర్ల ఎత్తు, 6 మీటర్ల వెడల్పుతో 5 బెంచీలు దిగి 30 మీటర్లు వెళ్తే, పైన 185 మీటర్లున్న గుంట అడుగున 137 మీటర్లకు వచ్చేస్తుంది. నిల్వలను నిలువు గోడల లెక్కన కట్టిన ప్లాన్ ఇక్కడే దెబ్బతింటుంది. కాగితం మీద చూపిన రాయి నేలలో దొరకదు. ఆ లోటు పూడ్చుకోవడానికి బెంచీలు తినేస్తారు, ఆపైన హద్దు పట్టీలోకి వస్తారు. గోడలు కూలి మనుషులు పోయే ప్రమాదాలకు ఇదొక ముఖ్య కారణం. ప్లాన్ రాసే ఆర్‌క్యూపీ (గుర్తింపు పొందిన నిపుణుడు) చేత ఈ లెక్క మొదటే వేయించుకోండి.

అపోహ: పునరుద్ధరణ అంటే చివర్లో నాలుగు మొక్కలు నాటడం.

నష్టం ఎక్కువ చేసేది ఈ అపోహే. మొక్క నాటాలంటే మట్టి కావాలి. ఆ మట్టి మొదటి రోజే పోతుంది.

ఒక హెక్టారులో పైమట్టి 30 సెంటీమీటర్లు ఉందనుకోండి. అది 3,000 ఘనపు మీటర్లు. తవ్వాక గుల్లబారి ఇంకా పెరుగుతుంది. దీన్ని మొరంతో, రాతి వేస్ట్‌తో కలపకుండా విడిగా తీయాలి. గ్రానైట్‌కు 1999 నిబంధనలు, ప్రధాన ఖనిజాలకు 2017 నిబంధనలు పైమట్టిని వేరుగా దాచి, తిరిగి వాడమనే చెబుతున్నాయి. వానల్లో తడిసిన మట్టిని తీయొద్దు, టిప్పర్ల కింద నలిగి గడ్డకడుతుంది. కుప్ప ఎత్తు 2 మీటర్లకు మించకుండా ఉంటే మంచిది. ఎత్తు పెరిగితే లోపలి మట్టికి గాలి ఆడక అందులోని జీవం చచ్చిపోతుంది. కుప్ప మీద జనుమో, జీలుగో, పిల్లిపెసరో చల్లితే వానకు మట్టి కొట్టుకుపోదు, వయ్యారిభామ కమ్మేయదు. వాగు వైపు, దారి వైపు కుప్ప పెట్టొద్దు. అన్నిటికంటే, గుంట ఒక భాగం పూర్తి కాగానే ఆ మట్టిని అక్కడ పరచడం మేలు. ఏళ్ల తరబడి దాచిన పైమట్టి సగం బలం కోల్పోతుంది.

గుంట పూడ్చేటప్పుడు పెద్ద రాళ్లు అడుగున, చిన్నవి వాటి మీద, ఆపైన మొరం, చివరగా పైమట్టి. మొరం పొర మీద యంత్రాలు తిరిగి గట్టిపడుతుంది కాబట్టి పైమట్టి పరిచే ముందు రిప్పర్‌తో అర మీటరు లోతున వాలుకు అడ్డంగా చీల్చాలి. ఈ ఒక్క పని వదిలేసిన చోట వేర్లు కిందికి దిగవు, మొక్కలు రెండో వేసవికి ఎండిపోతాయి. తాండూరు, బేతంచర్ల నాపరాయి క్వారీల్లో రాయి పొరలుగా వస్తుంది కాబట్టి ఒక పక్క తీస్తూ వేస్ట్‌ను వెనక ఖాళీలో పోసుకుంటూ పోవచ్చు. గ్రానైట్‌లో అది కష్టం. కింద ఇంకా రాయి ఉండగా పూడ్చకూడదు, వేస్ట్ బయట డంపుగానే ఉంటుంది. ఆ డంపు మొత్తం వాలు 28 డిగ్రీలు దాటకూడదు. పాదం దగ్గర రిటైనింగ్ వాల్, చుట్టూ గార్లాండ్ కాలువ, కాలువ చివర పూడిక గుంట ఉండాలి. పూడిక గుంటను వానాకాలానికి ముందొకసారి, తర్వాతొకసారి తీయించకపోతే మొదటి పెద్ద వానకే బురద కింది పొలాల్లోకి వెళ్తుంది. రైతుతో గొడవ అక్కడే మొదలవుతుంది. ఆ గొడవలో న్యాయం రైతుదే.

ఇక మొక్కల సంగతి. యూకలిప్టస్ వరసలు నాటి ఫొటో తీస్తే పని అయిపోదు. తవ్వకం ఆగాక ఆ నేలపై పశువులకు మేత దొరికేలా గడ్డి పెంచాలన్న షరతు పెట్టమని 2020 జనవరి 8న సుప్రీంకోర్టు కేంద్రాన్ని ఆదేశించింది. అప్పటి నుంచి ఈసీల్లో అది కనిపిస్తోంది. తొలకరికి అంజన్ గడ్డి, స్టైలో చల్లి, మధ్యలో కానుగ, వేప, నేరేడు పెట్టొచ్చు. కనీసం రెండు వేసవులు నీళ్లు పోయించాలి, చచ్చిన మొక్క చోట కొత్తది నాటాలి.

అపోహ: గుంటలో నీళ్లు నిండితే చెరువే, ఇంక బాధ్యత లేదు.

నిలువు గోడలున్న గుంటలో పడ్డ పిల్లవాడు, పశువు పైకి రాలేరు. గుంటను నీటి వనరుగా వదలాలంటే ఆ మాట ఆమోదం పొందిన ముగింపు ప్లాన్‌లో ఉండాలి. అంచు చుట్టూ కంచె వేయాలి, నీటి మట్టం దగ్గర బెంచీ మిగల్చాలి, నడిచి ఎక్కే వాలు దారి కనీసం ఒకటి ఉంచాలి. పొలాలకు వదిలే ముందు నీటిని పరీక్ష చేయించాలి.

అపోహ: డీఎంఎఫ్ (జిల్లా ఖనిజ నిధి) కడుతున్నాం, పునరుద్ధరణ ప్రభుత్వం చూసుకుంటుంది.

డీఎంఎఫ్ సొమ్ము గనుల వల్ల నష్టపోయిన ఊళ్ల కోసం. మీ గుంట పూడ్చే బాధ్యత దానితో తీరదు.

అపోహ: మాది చిన్నతరహా ఖనిజం, ఐబీఎం (ఇండియన్ బ్యూరో ఆఫ్ మైన్స్)తో పని లేదు.

బెరైటీస్, క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, మైకా లీజులకు ఇది ఇప్పుడు చెల్లదు. 2015లో చిన్నతరహా జాబితాలో చేరిన ఈ నాలుగింటినీ 2025 ఫిబ్రవరిలో కేంద్రం మళ్లీ ప్రధాన ఖనిజాలు చేసింది. బెరైటీస్ ఉన్న మంగంపేట నుంచి మైకా ఉన్న గూడూరు దాకా ఇది మనకు బాగా తగిలే మార్పు. ఇక వీటికి వర్తించేవి 2017 నిబంధనలు. తవ్వకానికి, డంపులకు, రోడ్లకు వాడిన విస్తీర్ణానికి పూర్తి యాంత్రిక ‘ఏ’ తరగతి గనులు హెక్టారుకు 5 లక్షలు, ‘బీ’ తరగతి గనులు 3 లక్షల చొప్పున ఆర్థిక హామీ చూపాలి. మూసివేతకు రెండేళ్ల ముందే తుది ముగింపు ప్లాన్ ఇవ్వాలి. గడువులోగా ఇవ్వకపోతే ఆ హామీ సొమ్ము జప్తు చేసుకోవచ్చు. ప్లాన్‌లో రాసిన పనులు పూర్తయ్యాయని అధికారి సర్టిఫికెట్ ఇచ్చేదాకా గని వదిలి వెళ్లడానికి లేదు. ఆ తనిఖీకి పైమట్టి కుప్పల రిజిస్టరు, ఏడాదివారీ సర్వే ప్లాన్లు, నాటిన, బతికిన మొక్కల లెక్క, నీటి పరీక్ష నివేదికలు అడుగుతారు. చివరి ఏడాదిలో కూర్చుని రాస్తే ఇవి తయారు కావు, ఏ ఏటికా ఏడు ఫైలులో పెట్టుకుంటూ పోవాలి.